నీళ్ళు తెచ్చాను, తలుపు తీయ్

మూడయింది. చావింట్లో గడియారం ఆపేస్తారు కనక నా చేతి వాచీయే చూసుకోవాల్సి వచ్చింది, అదీ ఎవరికీ కనబడకుండా కోటు చెయ్యి కాస్త పైకి లాగి. ఎదురుగా పెట్టెలో అక్క పడుకుని ఉంటే టైము చూసుకునే చెల్లెల్ని ఏమనాలి. నాలుగింటికి ఫాదరు వస్తాడు, ఆయన రాగానే మూత వేస్తారు. మూత వేసేలోగా పోయిన మనిషి సొంత పాట పాడాలి, మాలో ప్రతి మనిషికీ ఒక పాట ఉంటుంది, ముక్కూ మొహం ఉన్నట్టే. అది పాడకుండా పంపిస్తే ఆ మనిషి దారి మధ్యలో ఆగిపోతుందట, తన పాట వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతుందట. ఇలాంటివి నేను నమ్మనని పారిస్‌లో ఒక పత్రికవాడికి చెప్పాను, వాడు రాసుకున్నాడు కూడా. రాసుకుంటే రాసుకోనీ. నమ్మని దాన్నయితే ఈ కుర్చీలో ఇలా బిగుసుకుపోయి ఎందుకు కూర్చుంటాను. అందరూ బల్లల మీదా నేల మీదా కూర్చున్నారు, నాకొక్కదానికే కుర్చీ వేశారు, పెద్ద గాయని కదా. ఈ కుర్చీ అప్పటిదాకా తలుపుకి అడ్డంగా ఉంది. ప్రాణం పోయేందుకు తలుపు తెరిచి ఉంచాలి, తలుపు మూసుకోకుండా పెట్టిన కుర్చీ అది. నేను రాగానే అక్క కూతురు రొజాలి పరుగెత్తుకెళ్ళి తీసుకొచ్చింది. అప్పట్నుంచీ నవంబరు గాలికి తలుపు ఊగుతూనే ఉంది, మూసుకోబోతుంది, ఎవరో ఒకరు కాలితో తోస్తారు, కాసేపటికి మళ్ళీ కిర్రుమంటూ వస్తుంది.

అద్దం మీద దుప్పటి కప్పారు. ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ పారబోశారు, పోయిన మనిషి ఉన్న ఇంట్లో నిలవ నీళ్ళు ఉండకూడదు, ఆ నీలం రంగు బకెట్ వాకిట్లో బోర్లా పడి ఉంది, నేను లోపలికి వస్తూ చూశాను. చూడనట్టు నటించాను. పూత లేచిపోయి అడుగు తుప్పుపట్టింది, అయినా పారేయలేదు వోర్జా. నా అక్క ఏదీ పారేసేది కాదు. వాకిట్లో మంట చుట్టూ మగాళ్ళు, మూడు రోజుల గడ్డాలతో, పళ్ళసారా గ్లాసులో మొదటి చుక్క నేల మీద ఒంపి తాగుతున్నారు. లోపల ఆడవాళ్ళు. పెట్టెలో ఆమె సిగరెట్ పెట్టె పెట్టారు, పేకముక్కలు పెట్టారు, ఎర్ర తలగుడ్డ పెట్టారు. ఎంత చిన్నగా అయిపోయింది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, అమ్మ పోయాక నాకు ఆరేళ్ళూ తనకు పదమూడూ, ఒక చంక నన్నూ ఇంకో చంక చితుకులమోపూ. ఆ చేతులేనా ఇవి, ఎవరో కడిగి ముడిచి పెట్టినవి. వేళ్ళ మీద ఆ గుర్తులు ఇంకా ఉంటాయా, దగ్గరికి వెళ్ళి చూడాలని ఉంది, వెళ్ళలేను.

"పిన్నీ," అంది రొజాలి, నా మోకాళ్ళ దగ్గర కూర్చుని. వోర్జాకి ఆలస్యంగా పుట్టిన ఒక్కతే. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. "అమ్మ పాట పాడాలి కదా. నాకేమో ఏదీ తెలీదు. అమ్మ నోట ఒక్క పాట వినలేదు నేను. అమ్మకి సొంత పాటంటూ లేదేమో పిన్నీ."

తేలు కుట్టిన దొంగకి మాట ఎలా వస్తుంది.

"లేకేమే, గొంతు లేదంతే," అంది జుజా అత్త, పొగ వదుల్తూ. ఈవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఎనభై దాటినా తగ్గలేదు. "గొంతంతా చెల్లెలికే ఇచ్చి పంపాడు దేవుడు. వోర్జాకి వంట ఇచ్చాడు. నువ్వే ఏదోటి పాడవే తెర్కా. నీ వైన్ పాట పాడు. దేశమంతా పాడుకుంటోంది, మనింట్లో పాడితే తప్పా?"

"అవును పిన్నీ," అంది రొజాలి, మొహం కాస్త తెరుచుకుంది, "అదే పాడు. అమ్మకి అదంటే ఎంతిష్టమో నీకు తెలీదు. రేడియోలో వస్తే చాలు, చేతిలో పని పడేసి లేచేది. వెళ్ళి తలుపు తీసుకుని నిలబడి వినేది, అయిపోయేదాకా. చలికాలమైనా సరే. నాన్న ఏమీ అనేవాడు కాదు."

అంత ఇష్టమట.

వెండెల్ బావ పెట్టె తల దగ్గర కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. పొద్దుట్నుంచీ అలాగే ఉన్నాడు. గుర్రాల బేరగాడు, సంతలో పదిమందిని ఒక్కడే అరిచి గెలిచిన మనిషి, ఇంట్లో మాత్రం మాట బంగారం. నేను వచ్చి చేతులు పట్టుకుంటే "వచ్చావా" అన్నాడు, అంతే. తెలుసు ఆయనకి. ఈ ఇంట్లో తెలిసినవాళ్ళం ముగ్గురం, ఒకరు పెట్టెలో ఉన్నారు. ఆయన నా వైపు చూడడం లేదు, ఆ చూడకపోవడమే నన్ను తినేస్తోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే మాటిమాటికీ ఆయన వైపు చూస్తున్నాను.

తలుపు కిర్రుమంది. నేను ఉలిక్కిపడ్డాను. ఈ ఉలికిపాటు నాకు కొత్త కాదు, ఇరవై ఏడేళ్ళ నుంచి ఉంది, ఏ హాల్లో పాడినా ముందు తలుపులు ఎక్కడున్నాయో చూసుకుంటాను. మంటలు రేగితే పారిపోవడానికి అని చెప్తాను అడిగినవాళ్ళకి. మాస్కోలో, సోఫియాలో, ఆ పాటలో తలుపు మాట రాగానే స్టేజీ పక్క తలుపు మీద కింద, మోకాలెత్తున, ధన్‌మని ఒక చిన్న చప్పుడు. ఇంకెవరికీ వినపడదు. వయొలిన్ వాయించే ముసలాయనని ఒకసారి అడిగాను, విన్నావా అని. "డప్పుగాడు తాళం తప్పాడు," అన్నాడు. ఆ రాత్రి హోటల్లో తలుపుకి సోఫా అడ్డం పెట్టుకుని పడుకున్నాను, మళ్ళీ లేచి సోఫా తీసేసి తలుపు తెరిచి ఉంచాను, పాపం వాడు బయట ఉన్నాడేమోనని. పైకి చెప్తే నవ్వుతారు. భయమూ వేసేది, వాడి మీద జాలీ వేసేది, రెండూ ఒకేసారి.

ఎందుకంటే వాడు నెత్తితోనే తోసేవాడు. అక్క కొడుకు, రెండున్నరేళ్ళవాడు, వాడికి గడియ అందదు కదా. మా పేటలో బావి లేదు, ఊరి చివర్నుంచి మోసుకురావాలి, వోర్జా రెండు చేతులా రెండు బకెట్లతో వచ్చి గుమ్మం ముందు నిలబడి పిలిచేది, "నీళ్ళు తెచ్చాను, తలుపు తీయ్ పాల్కో." లోపల్నుంచి ధన్‌మని నెత్తితో తోసేవాడు, తలుపు తెరుచుకునేది, వాడు గుమ్మంలో నుదురు రుద్దుకుంటూ నవ్వేవాడు. రోజూ అదే ఆట. నేను మూడో బకెట్‌తో వెనకాల. ఆ జనవరిలో వాడికి నాలుగు రోజులు జ్వరం, ఐదో రోజు తగ్గింది, నిద్రపోతున్నాడు, ఇప్పుడే వస్తాం కదా అని వెళ్ళాం. వచ్చాం. పిలిచింది. చప్పుడు లేదు. నిద్రపోతున్నాడులే అక్కా, నేను తీస్తాను అన్నాను. "ఉండు," అంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. బకెట్లు కింద పెట్టలేదు. తల్లికి ముందే తెలిసిపోతుందేమో, తలుపు తీసేదాకా వాడు బతికే ఉంటాడని అనుకుందేమో. అలా ఎంతసేపు నిలబడిందో, ఇనప పిడులు వేళ్ళకి అతుక్కుపోయి, చివరికి నేను విడదీస్తే చర్మం ఊడి వచ్చింది. ఆ గుర్తులు. ఇప్పుడు ఆ ముడిచిన చేతుల్లో లోపలివైపు ఉంటాయి.

వసంతంలో బట్టలు ఉతుకుతూ ఉండగా ఆ పాట వచ్చింది ఆమెకి. కట్టలేదు, వచ్చింది. నాలుగు వరసలు. నీళ్ళు తెచ్చాను తలుపు తీయ్ పాల్కో, చేతులు ఖాళీ లేవు తలుపు తీయ్ పాల్కో, నీళ్ళు గడ్డకడుతున్నాయి, నేనెంతసేపు నిలబడను. ఏడవలేదు పాడుతూ. మాలో నిదానపు పాట ఒక్కరు ఎత్తుకుంటే వరస చివర వాళ్ళ ఊపిరి వదిలేచోట పక్కవాళ్ళు అందుకుంటారు, తోక పట్టడం అంటాం. ఆరేళ్ళప్పుడు మొదటిసారి ఆమె పాటకి తోక పట్టాను, తొందరపడి ముందే అందుకుంటే తొడపాశం పెట్టేది, "ఆగవే, నేను వదలకముందే లాక్కుంటావేం!" అని. ఆ రోజు కూడా నేనే పట్టాను. ప్రపంచంలో ఆ పాట విన్న మొదటి మనిషిని నేను. నాకు తల్లీ చదువూ అన్నీ ఆ గొంతే, నాది దాని పక్కన తోక పట్టిన గొంతు మాత్రమే, ఎవరికీ తెలియదు.

తెలిసే అవకాశం ఎక్కడ ఉంది. పత్తొమ్మిదేళ్ళకి బుడాపెస్ట్‌లో, ఉన్నితో మెత్తటి గోడలు కట్టిన గదిలో నిలబెట్టారు నన్ను. ఐదు పాటలు పాడాను. ఎర్ర టై పెద్దాయన, గాజో, అంటే మావాడు కాదు, ఇంకోటి కావాలన్నాడు, రికార్డులో ఆరోదానికి చోటుందట. నాకు వచ్చినవన్నీ అయిపోయాయి. ఒక్కటి ఉంది. మాలో ఇంకొకరి పాట పాడాలంటే ముందు కూర్చున్నవాళ్ళని అడగాలి, ఇది ఫలానావాళ్ళ పాట, మీ సెలవుతో పాడతాను, మీకు ఆరోగ్యం కలగాలి, మీ పోయినవాళ్ళు నన్ను క్షమించాలి అని. వాళ్ళు పాడమంటేనే పాడాలి. నేను చుట్టూ చూశాను. కూర్చున్నవాళ్ళెవరూ లేరు. ఎదురుగా స్టాండు మీద ఒక ఇనప ముద్ద, అద్దం అవతల వాడొకడు. మనుషులే లేనిచోట ఎవర్నని అడగను, మనుషులు వినకపోతే పాడినట్టే కాదుగా, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ప్రమాణం చేసి చెప్తాను. పేటలో పెరిగిన పిల్లకి ఆ ఇనప ముద్ద వెనక దేశమంతా కూర్చుని ఉందని ఎలా తెలుస్తుంది. ఇది నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న సాకు. సాకు అక్కడితో అయిపోతే బాగుండేది. ఆయన బయటికి వచ్చి, "రాగం బాగుంది, ఎవరిది?" అన్నాడు. నాదే అన్నాను. అక్కడ మాత్రం మనిషే ఉన్నాడు, మనిషే అడిగాడు. "చచ్చిన పిల్లాడి గోల ఎవరు కొంటారమ్మాయ్, నీళ్ళు తీసేసి వైన్ పెట్టు, పిల్లాణ్ణి తీసేసి ప్రియుణ్ణి పెట్టు, కాస్త జోరుగా లాగు," అన్నాడు. ఆయన ఒక సిగరెట్ కాల్చేలోపు మార్చేశాను. వైన్ తెచ్చాను, తలుపు తీయ్ నా రాజా. ఎంత తేలిగ్గా మారిపోయింది. మారనని ఒక్క మాటైనా మొండికేసి ఉంటే నాకీ బాధ కాస్త తగ్గేది.

ఆ తర్వాతి చలికాలం వెండెల్ తమ్ముడి పెళ్ళి. బొచ్చుకోటు వేసుకుని వచ్చాను, మొదటి కోటు. మేళంవాళ్ళు నన్ను చూడగానే ఎత్తుకున్నారు, పెళ్ళికొడుకు చెయ్యి పట్టి లాగాడు, నేను వద్దనలేదు. పాడాను. అందరూ ఎగిరారు, చిటికెలు, ఈలలు, మడమలతో నేల అదిరిపోయింది, ఆ పిల్లాడి చావు మీద. కుండల దగ్గర్నుంచి వోర్జా లేచింది. ఆడడానికి వస్తోందని దారి ఇచ్చారు. వెళ్ళి తలుపు బార్లా తీసి, దాన్ని పట్టుకుని నిలబడింది. మంచు లోపలికి కొడుతోంది. "తలుపెయ్యవే తల్లీ, చచ్చిపోతున్నాం చలికి!" అని అరిచారు. వేయలేదు. నా వైపు చూడలేదు కూడా. బయటికి, కిందికి, మోకాలెత్తు చోటుకి చూస్తూ నిలబడింది, పాట అయిపోయేదాకా. అయ్యాక తలుపు వేసి వచ్చి, నా గిన్నెలో కాబేజీ మాంసం వడ్డించి, "తిను, చిక్కిపోయావు," అంది. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఇరవై ఏడేళ్ళలో ఎప్పుడు వచ్చినా అలాగే వడ్డించింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేతులు పట్టుకుని "అక్కా, ఆ పాట" అన్నాను. "ఏ పాట?" అంది. అక్క మళ్ళీ ఎన్నడూ నాతో ఆ మాట ఎత్తలేదు, ఎవరి ముందూ పాట పాడలేదు.

మూడూ నలభై. ఎవరో కాలితో తలుపు తోశారు. రొజాలి నా మోకాలి మీద చెయ్యి వేసి చూస్తోంది. ఇప్పుడు నేను వైన్ పాట పాడితే అందరూ ఏడుస్తారు, ఎంత గొప్పగా సాగనంపిందో అంటారు, వోర్జా మాత్రం పాట లేకుండా వెళ్ళిపోతుంది. పాడనంటే అప్పుడూ అలాగే వెళ్తుంది. అసలు పాట పాడితే అది ఎక్కడిదని అడుగుతారు. ఈ గోడ మీద నా ఫోటో ఉంది, పేటలో ప్రతి గోడ మీదా ఉంది, ఆ ఒక్క పాటతో కదా. దానికి భయపడుతున్నాను. యాభైకి దగ్గరపడ్డదాన్ని, అక్క శవం ముందు కూర్చుని గోడ మీది ఫోటో గురించి ఆలోచిస్తున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

లేచాను. "మీ అందరి సెలవుతో పాడతాను," అన్నాను. "మీకు ఆరోగ్యం కలగాలి, మీ పోయినవాళ్ళు నన్ను క్షమించాలి."

"చల్లగా ఉండు, పాడు," అన్నారు ఆడవాళ్ళు. వాకిట్లో మగాళ్ళు టోపీలు తీశారు.

ఇంటి పెద్ద అనాలి కదా. అందరూ వెండెల్ బావ వైపు చూశారు. ఆయన టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు.

"ఎవరి పాట?" అన్నాడు.

రెండు మాటలు. నేను ఎప్పుడూ వదిలేసే ముక్క అదే. ఇప్పుడూ అలవాటుగా వదిలేశాను, చూడండి.

"వోర్జా పాట," అన్నాను.

జుజా అత్త సిగరెట్ నోటి దగ్గరే ఆగింది. నేను ఇక ఆగలేదు, ఆగితే మళ్ళీ లోపలికి పోతుంది. "రేడియోలో వచ్చేది, రికార్డు మీద నా పేరున ఉన్నది, అది నాది కాదు. అక్కది. అడక్కుండా తీసుకున్నాను. అందులో వైన్ లేదు, నీళ్ళు. ప్రియుడు లేడు. పాల్కో."

ముప్పై ఏళ్ళుగా ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకలేదు. కుర్రవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జుజా అత్త సిలువ గీసుకుని, "ఓరి దేవుడా, దాని మీదా మనం ఎగిరింది," అంది మెల్లగా.

"పాల్కో ఎవరు?" అంది రొజాలి.

"మీ అన్న," అన్నాడు వెండెల్. తర్వాత నాతో, "నువ్వు పాడొద్దులే మరదలా. నువ్వు చాలా పాడావు. నేను ఎత్తుకుంటాను. నువ్వు తోక పట్టు."

"నీకు వచ్చా బావా?" అన్నాను.

"మెలకువలో పాడలేదు. నిద్రలో గొణిగేది. పక్కన పడుకున్నవాడికి రాదా."

మొదలుపెట్టాడు. గుర్రాల్ని అదిలించే గొంతు, బొంగురు, శ్రుతి ఎక్కడా లేదు, రెండో మాటకే తప్పిపోయి మళ్ళీ దొరికించుకున్నాడు. నీళ్ళు తెచ్చాను, తలుపు తీయ్ పాల్కో. అలా, ఇంత నిదానంగా, ఇలాగే ఉండేది, మర్చిపోయాను. ఎన్ని వేలసార్లు పాడి ఎంత మర్చిపోయాను. వరస చివరికి వచ్చాడు, ఊపిరి తగ్గుతోంది, నా నోరు తెరుచుకుంది, తొడ మీద ఆ పాత నొప్పి తెలిసింది, ఆగవే అని. ఆగాను. ఆయన పూర్తిగా వదిలాక అందుకున్నాను. సన్నగా, పైకి లేవకుండా, పెట్టె దాకా వెళ్ళేంత. రొజాలి నన్ను చూసి రెండో వరసకి తనూ కలిపింది.

అప్పుడు తలుపు కిర్రుమంది. గాలికి మూసుకుపోతోంది. అందరూ పాటలో ఉన్నారు, ఎవరూ కాలు పెట్టలేదు. నేను నడిచి వెళ్ళాను. కుర్చీ తెచ్చి అడ్డం పెట్టొచ్చు, అది ఖాళీగానే ఉంది. పెట్టలేదు. తలుపు బార్లా తీసి, చేత్తో పట్టుకుని నిలబడ్డాను, బయటికి, కిందికి చూస్తూ, ప్రతి వరస చివరా అందుకుంటూ. బోర్లా పడిన నీలం బకెట్, దాని మీద మంచు పడడం మొదలైంది. దారి మలుపులో ఫాదరు నల్లకోటు కనిపించింది. చలి నా పక్కనుంచి లోపలికి కొడుతోంది, దీపాలు వాలిపోతున్నాయి, పాట ఇంకా రెండు వరసలుంది. తలుపు వేయమని ఎవరూ అనలేదు.